కోకో చల్లారేదాకా

సవాయి దీవి, సమోవా
ఆగస్టు నెల, ఆదివారం మధ్యాహ్నం

పెనీనా అక్కకు తలోఫా,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని కళ్ళద్దాలు వెతుక్కుంటున్నావు కదూ? ఫోన్లో నువ్వు నన్ను ఒక్క ముక్క పూర్తి చెయ్యనిస్తావా? నేను "అక్కా, మా ఇంట్లో" అనేలోపే "తెలుసులేవే, ముందు నేను చెప్పేది విను" అంటావు. ఆక్లండ్‌లో స్కూలు బస్సు నడిపీ నడిపీ, ఎదురొచ్చిన వాళ్ళందరి మీదా హారన్ కొట్టడం నీకు అలవాటైపోయింది. కాగితం మీద హారన్ కొట్టలేవుగా! చచ్చినట్టు చివరిదాకా చదవాలి. పాస్టర్ గారి తమ్ముడు అటు వస్తున్నాడు. అతని చేత ఇదీ, ఒక కోకో పొట్లమూ పంపుతున్నాను.

నా ముద్దుల కూతురు ఫిలేము మళ్ళీ కొంప ముంచింది. సాయంత్రం ప్రార్థన శంఖం ఊదారు. ఊరంతా ఇళ్ళల్లోకి దూరింది. కర్రలు పట్టుకుని కుర్రాళ్ళు రోడ్డు పొడుగునా కాపలా కూర్చున్నారు. అప్పుడు నడిరోడ్డు మీద మన మహారాణి గవ్వల సంచి ఊపుకుంటూ, పాట పాడుకుంటూ వస్తోంది! వెనకనుంచి "ఆగు, ఎక్కడిదానివక్కడ కూర్చో" అని కుర్రాళ్ళు గొంతు చించుకున్నారట. వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు. ఊరి పెద్దలు జరిమానా వేశారు. తెల్ల ఆదివారం పిల్లల పండగ విందుకని నేను చంటిబిడ్డలా సాకుతున్న పంది కాస్తా పోయింది.

నీ మరిది రోపాతి సంగతి తెలుసుగా. ఆ చీపురుకట్ట మీసం దువ్వుకుంటూ చాలాసేపు తిరిగి, "ఇక లాభం లేదు లూపే. తొమ్మిదేళ్ళొచ్చినా మాట వినదు. పండగ కాగానే మీ అక్క దగ్గరికి తోలేద్దాం. ఆవిడ బస్సులో రౌడీ పిల్లలే పిల్లుల్లా కూర్చుంటారట. దీన్నీ దార్లో పెడుతుంది" అన్నాడు. నేను సరే అన్నాను. అని, లోపలికెళ్ళి సీమపనసకాయల మీద కసి తీర్చుకున్నాను. ఉన్నది ఒక్క ఆడపిల్ల. పంపాలని లేదక్కా. ఉంచుకునే దారీ కనబడటం లేదు.

ఈ గొడవలో ఇంకో వింత. మా మహిళా సంఘానికి ఎలిసపేత అనే పిల్ల పాఠాలు చెప్పడానికి వచ్చింది. వెల్లింగ్టన్‌లో పుట్టిందట, మన మాట నాలుక మీద ఇంకా పచ్చిపచ్చిగా ఉంది. ఊపిరి చూసుకుంటూ మనసును ఒకచోట నిలిపి పిల్లలను పెంచడమెలాగో చెబుతుందట. వస్తూనే, "అమ్మలూ, రోజూ కాసేపు మీ పిల్లల మాట వినండి" అంది. ఇంకేముంది, సంఘం ఇల్లు కందిరీగల తుట్టె అయిపోయింది! మన భాషలో వినడమన్నా, చెప్పినట్టు చెయ్యడమన్నా ఒకటే మాటాయె. మసీనా ముసలమ్మ విసనకర్ర నేలకేసి కొట్టి, "పిల్లల మాట మేం వినాలా? రేపు పందుల మాట కూడా వినమంటావా? ఏడాదికో తెల్ల ఆదివారం వాళ్ళకి వడ్డించి తినిపిస్తున్నాం, చాల్లేదా?" అంది. పాపం ఆ పిల్ల మొహం చూడాలి! చివరికి పాస్టర్ గారి భార్య కల్పించుకుని, "చెప్పినట్టు చెయ్యడం కాదమ్మా, చెవితో వినడం" అని సర్దిచెప్పింది. "అయితే ఆ ముక్క ముందే ఏడవచ్చుగా" అంది మసీనా.

నవ్వుకుంటూ ఇంటికొచ్చాను కానీ, ఆ మాట నన్ను వదలడం లేదు. నువ్వేమంటావు?

నీ మాట వినే (రెండు రకాలుగానూ) చెల్లెలు
లూపే

~

మాంగరె, ఆక్లండ్
ఆగస్టు చివర

ఒసేయ్ లూపే,

హారన్ కొట్టలేనన్నావుగా? ఇదిగో కొడుతున్నాను. పంపెయ్!

పిల్లలను పెంచడానికి ఊపిరి చూసుకుంటూ కూర్చోవాలా? ఊపిరి ఎటూ వస్తూనే ఉంటుంది, పిల్లే చేతికి రాకుండా పోతుంది. నా బస్సులో నలభై మంది ఎక్కుతారు. అద్దంలోంచి ఒక్క చూపు చూశానంటే చూయింగ్ గమ్ కూడా మింగేస్తారు. నువ్వేమో చిన్నప్పటినుంచీ మెతక. నీ మాటలు ఫిలేముకు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఊదుతుంటే, "ఏమిటి కొరుకుతున్నావు" అన్నాడట వెనకటికెవడో.

ఇక్కడ మంచి స్కూలుంది, నేనున్నాను, పక్క గది ఖాళీగా ఉంది. ఖాళీ అంటే, మంచం వేశాను. కిటికీకి పసుపు పరదాలు కుట్టాను. మిగిలిపోయిన గుడ్డ ఏదో ఉంటేనూ. ఊరికే పాడవుతుంది కదా అని.

కోకో బాగుంది. కాస్త ఎక్కువ వేయించావు.

పెనీనా

~

సవాయి
సెప్టెంబరు, వాన పడుతుండగా

అక్కా,

మిగిలిపోయిన గుడ్డా? నీ ఇంట్లో పసుపు రంగన్నది ఏనాడైనా ఉందా? పోనీలే, నేనేమీ అనను.

నవ్వకు. నేను ఆ పాఠం మొదలుపెట్టాను. ఎలిసపేత మాకు గడియారం చూడమనలేదు. "రోజూ మీ పిల్లతో కోకో తాగండి. కప్పు చల్లారేదాకా ఎదురుగా కూర్చోండి. ఫోను ముట్టుకోకండి, పని ముట్టుకోకండి, తప్పు దిద్దకండి. మనసు ఎటైనా పారిపోతే మీ ఊపిరి మీదికి లాక్కొచ్చి, మళ్ళీ పిల్ల మొహం మీద పెట్టండి. అంతే" అంది. అంతేనట! దానికన్నా బావి తవ్వమన్నా తవ్వేదాన్ని.

మొదటి రోజు ఫిలేము ఎదుటికొచ్చి కూర్చుంది. జడ ఊడిపోయి ఉంది. "జడ వేసుకోవే" అన్న మాట నా పెదాల దాకా వచ్చింది. మింగాను. గోళ్ళ నిండా మట్టి. అదీ మింగాను. మోకాలు కనబడేలా కూర్చుంది. అది మింగుతుంటే పొలమారింది. కోకో చల్లారేసరికి నా కడుపు తిట్లతోనే నిండిపోయింది. మా మేక మీద మనసు పోయింది, నీ మరిది చొక్కా బొత్తాం మీదికి పోయింది, నీ పరదాల మీదికి కూడా వచ్చి వెళ్ళింది. లాక్కొచ్చి కూర్చోబెట్టాను. ఆ పిల్ల మాత్రం "అమ్మకేమైంది, జ్వరమా" అన్నట్టు చూసింది.

కొన్నాళ్ళకు నోరు విప్పింది. ఒంటికొండి పీత ఒకటి రేవు దగ్గర ఉందట. దానికి మసీనా అని పేరు పెట్టిందట. ఎందుకే అంటే, "అది కూడా అందరి మీదికీ ఒకే చెయ్యి ఊపుతుంది" అంది. అక్కా, నేను కోకో ముక్కులోంచి కక్కాను! నా కూతురు ఇంత చమత్కారి అని నాకు తెలియనే తెలియదు. ఇన్నేళ్ళూ ఒకే చాప మీద పడుకున్నాం.

ఒక్కటే బాధ. నాతో మాట్లాడుతున్నంతసేపూ మొహంలోకి గుడ్లప్పగించి చూస్తుంది. తల వంచదు. పెద్దవాళ్ళను అలా చూడటం ఎంత పొగరో ఎన్నిసార్లు చెప్పాను, ఎన్నిసార్లు ఒకటి అంటించాను! స్కూల్లోనూ ఇదే ఫిర్యాదు. దిద్దకూడదు కనుక ఊరుకున్నాను. ఊరుకోవడం ఇంకా రాలేదు, ఊరుకున్నట్టు కూర్చోవడం మాత్రం వచ్చింది.

లూపే

~

మాంగరె
సెప్టెంబరు

లూపే,

పీతలకు పేర్లు పెట్టే పిల్లకు లెక్కలు ఎప్పుడొస్తాయి? పెద్దవాళ్ళ మొహంలోకి అలా చూస్తే నువ్వు కోకో పోస్తున్నావా!

స్కూలువాళ్ళతో మాట్లాడాను. సీటు ఉంది. రోపాతితో నేనే ఫోన్లో మాట్లాడాను, పండగ మర్నాడే అన్నాడు. అతనికి నీకున్నంత మెతకదనం లేదు, దేవుడి దయ. దానికి పాదం కొలత ఎంతో రాయి. బూట్లు చూశాను, ఎర్రవి. నచ్చుతాయా దానికి ఎరుపు?

పెనీనా

~

సవాయి
సెప్టెంబరు నెలాఖరు

అక్కా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. బస్సు ఆపి, కూర్చుని చదువు.

మొన్న కోకో దగ్గర, కప్పు నా నోటి దగ్గరే ఉంచుకుని "ఇంకాస్త పొయ్యనా?" అన్నాను. జవాబు లేదు. కప్పు వైపే చూస్తోంది. కప్పు దించి, అదే మాట మళ్ళీ అన్నాను. "ఊఁ, పొయ్యమ్మా" అంది. అప్పటికి నేనేమీ అనుకోలేదు. మర్నాడూ అలాగే జరిగింది. వేరే రోజుల్లో అయితే నా మనసు మేక దగ్గరో బొత్తాం దగ్గరో ఉండేది, చూసేదాన్నే కాదు. ఆ రోజు నా మనసు ఇంట్లోనే ఉంది.

తర్వాత అది పెరట్లో ఇసుక మీద బొమ్మలు గీసుకుంటోంది. నేను వెనకగా వెళ్ళి, "పనికేకే బూరెలు వేడివేడిగా ఉన్నాయి, రండర్రా" అని కేకేశాను. పక్కింటి పిల్లలు పరిగెత్తుకొచ్చారు. కోళ్ళు కూడా వచ్చాయి. పనికేకే అంటే లేవని పిల్ల ఈ దీవిలో పుట్టిందా అక్కా? నా పిల్ల తల ఎత్తలేదు. ముందుకెళ్ళి నిలబడితే, ఇసుకలో నా నీడ చూసి తలెత్తి నవ్వింది.

నా పిల్లకు వినబడదక్కా.

మాట వినదు, మాట వినదు అని ఊరంతా టముకు వేశాను. నిజమే చెప్పాను, నాకే అర్థం కాలేదు. శంఖం ఊదినా వినలేదు, కుర్రాళ్ళు అరిచినా వినలేదు. ఎలా వింటుంది? గుడ్లప్పగించి చూస్తుంది అన్నానే, అది పొగరు కాదు. నా పెదాలు చూసి మాటలు ఏరుకుంటోంది. ఆ చూపుకే కదా నేను దాన్ని కొట్టింది.

ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మొహం ఎదురుగా మొహం పెట్టి, "నీకు వినబడదని అమ్మకు ఎందుకు చెప్పలేదే బంగారూ?" అన్నాను. అదేమందో తెలుసా?

"అందరికీ అంతే అనుకున్నా. మీరు కూడా నోరు చూసే వింటారనుకున్నా" అంది. మళ్ళీ తనే, "కోకో తాగేటప్పుడు నీ మాటలు బాగా వినబడతాయమ్మా. నా ఎదురుగా కూర్చుంటావుగా" అంది.

దాని చిన్నప్పుడు వానాకాలం జ్వరాల్లో చెవి కారితే కొబ్బరినూనె వేసి దూది పెట్టాం. తగ్గిపోయిందనుకున్నాం. నీ మరిదికి ఇంకా చెప్పలేదు. ఈ సాయంత్రం చెబుతాను. ఆయనేమంటాడో, పండగ మర్నాటి ప్రయాణం ఏమవుతుందో నాకు తెలియదు. ఈ స్థితిలో దాన్ని ఎవరి దగ్గరికీ పంపలేను. నీ దగ్గరికి కూడా.

లూపే

~

మాంగరె
అక్టోబరు

లూపే,

బస్సు డిపోలో చదివాను. పిల్లలు దిగిపోయాక, ఖాళీ బస్సులో. రెండుసార్లు చదివాను. ఏం రాయాలో తెలియడం లేదు. నాకు తెలియకపోవడమన్నది ఇదే మొదటిసారి, తేదీ వేసి దాచుకో.

ఆ శంఖం సామెత రాసిన చెయ్యి విరిగిపోతే బాగుండును.

వెంటనే ఇక్కడికి పంపు, పెద్ద డాక్టర్లు ఉన్నారు, నేను అన్నీ

పై వాక్యం కొట్టేశాను చూడు. హారన్ అది. నా చెయ్యి దానంతట అదే దాని మీదికి పోతుంది. లూపే, నువ్వు చెప్పు. నీకేం కావాలి? పిల్లకేం కావాలి? నేను మధ్యలో దూరను. వింటాను.

పెనీనా

~

సవాయి
అక్టోబరు, తెల్ల ఆదివారం దాటాక

అక్కా,

నీ ఉత్తరంలో కొట్టేసిన ఆ వాక్యాన్ని వేలితో తడుముకుంటూ ఎంతసేపు కూర్చున్నానో. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను "నీకేం కావాలి" అని అడగడం ఇదే.

ముందు సంగతులు చెప్పనీ. పడవెక్కి అపియా వెళ్ళాం. డాక్టరమ్మ చూసింది. ఎప్పటినుంచో చీము పట్టి ఎడమ చెవి గూబ లోపల చిల్లు పడిందట. పిల్ల కాస్త పెద్దయ్యాక అతుకు వేస్తారట. కుడి చెవి కూడా పూడుకుపోయింది కానీ, మందులతో మెరుగవుతుందంది. అక్కడికక్కడే ఆ చెవి శుభ్రం చేసి, చుక్కలు ఇచ్చింది. తిరుగు పడవలో ఫిలేము నా భుజం పట్టుకుని, "ఈ చప్పుడేమిటమ్మా?" అంది. పడవ ఇంజనే! "ఎప్పుడూ ఇంతేనా? మీరెలా భరిస్తున్నారు?" అంది. పడవలో వాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు, ఏడవలేదు, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇక నీ మరిది. నేను చెప్పిన సాయంత్రం లేచి సముద్రం వైపు వెళ్ళి కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి ఎవడో పరాయి మగాడు వచ్చాడని గరిటె ఎత్తాను. రోపాతే! మీసం లేదు! పెళ్ళినాటినుంచీ పెంచుకున్న ఆ చీపురుకట్టను నున్నగా గీకి పారేశాడు. "దాని మాటున నా పెదాలు కనబడక, పాపం, నా మాట అస్సలు అందేది కాదు కదే దానికి" అన్నాడు. అని, అలా నిలబడి ఏడ్చాడు. మొహం మరీ వలిచిన టారో దుంపలా ఉందనుకో. ఫిలేము మాత్రం చూసి, "నాన్నా, నీకు నోరుంది!" అని గంతేసింది.

తెల్ల ఆదివారం చర్చిలో పిల్లలంతా తెల్లబట్టలేసుకుని వచనాలు అప్పజెప్పారు. దీనికి వెనకనుంచి ఎవరు అందించినా వినబడదని పాస్టర్ గారి భార్య తానే ఎదుటికొచ్చి నేల మీద కూర్చుంది. ఫిలేము ఒక చోట తడబడింది. మొదటి వరసలో మసీనా ముసలమ్మ పళ్ళులేని నోరు ఇంతేసి తెరిచి మాట అందించింది. అందరూ చూస్తూనే ఉన్నారు. ఇంటికొచ్చాక పిల్లలకు మేం వడ్డించాం. పంది లేదుగా, చేపలతోనే కానిచ్చాం. నన్నడిగితే ఇంత రుచిగా ఏ పండగా జరగలేదు.

ఇప్పుడు నువ్వు అడిగిన దానికి. నాకేం కావాలో నీకు తెలుసు. కానీ పిల్లకేం కావాలో నేను ఊహించి రాయకూడదని, కోకో దగ్గర అడిగాను. "పెద్దమ్మ దగ్గరికి వెళ్తావా? మంచి స్కూలు, పసుపు పరదాలు, ఎర్ర బూట్లు" అన్నీ చెప్పాను. ఒక్కటీ దాచలేదు, నీ మీద ఒట్టు. వెళ్తానంటుందేమోనని మనసు అప్పుడే పడవ రేవుకు పారిపోయింది. ఊపిరి మీదికి లాక్కొచ్చాను. అది బాగా ఆలోచించి అడిగింది:

"పెద్దమ్మ ఎదురుగా కూర్చుని కోకో తాగుతుందా? బస్సు నడిపేవాళ్ళు అటు తిరిగి కూర్చుంటారుగా. వీపు మాటలు నాకు వినబడవమ్మా. నేను ఇక్కడే ఉంటా."

రోపాతి పక్కనే ఉన్నాడు. "విన్నావుగా" అన్నాడు నాతో. అక్కా, మేం దాని మాట విన్నాం. చెవితోనూ విన్నాం, చెప్పినట్టూ చేస్తున్నాం. మసీనాకు తెలిస్తే విసనకర్ర విరగ్గొడుతుంది.

నీకు ఇది కష్టంగా ఉంటుందని తెలుసు. తెలిసే రాస్తున్నాను.

లూపే

~

మాంగరె
నవంబరు

చెల్లీ,

బాధపడలేదని అబద్ధం రాయను. ఎర్ర బూట్లు కొనేశాను కూడా. ఆ గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. పరదాలు విప్పేద్దామని కుర్చీ ఎక్కాను, మళ్ళీ దిగాను. ఉండనీ. ఇంట్లో కాస్త వెలుతురైనా ఉంటుంది.

వీపు మాటలంది చూడూ, అది గుండెలో గుచ్చుకుంది. నలభై మంది పిల్లలను అద్దంలోంచే చూస్తాను నేను. నిన్న స్కూలు దగ్గర బస్సు ఆపి, దిగి, గుమ్మం పక్కన నిలబడి ఒక్కొక్కరి మొహం చూసి "పోయిరా నాన్నా" అన్నాను. ఒకడు భయపడి ఏడ్చాడు. మిగతావాళ్ళు బాగానే ఉన్నారు.

క్రిస్మస్‌కు వస్తున్నాను. ఫిలేముకు ఎదురుగా కూర్చుని కోకో తాగుతానని చెప్పు. చల్లారేదాకా నోరు మెదపను. నవ్వకు, సాధన చేస్తున్నాను. మా పిల్లితో.

బూట్లు నేనే తెస్తాను.

అక్క

~

సవాయి
నవంబరు చివర

అక్కా,

పిల్లి ఏమంటోంది? దాని మాటైనా పూర్తిగా వింటున్నావా?

ఒక ఘోరం జరిగింది. మా ఇంటికి మళ్ళీ జరిమానా పడింది!

ఫిలేము నన్ను రేవుకు లాక్కెళ్ళింది, ఆ ఒంటికొండి మసీనాను చూపిస్తానని. ఎదురెదురుగా కూర్చున్నాం. అది చెబుతూ ఉంది: పీతకు కొత్త కొండి మొలుస్తోందట, దానికి ఇప్పుడు రెండు చేతులా ఊపడం నేర్పాలట. చెబుతుంటే దాని కళ్ళూ ముక్కూ అన్నీ ఆడుతున్నాయి. నేను చూస్తూ కూర్చున్నాను. మేక గుర్తు రాలేదు, బొత్తాం గుర్తు రాలేదు, పొయ్యి మీద కూర గుర్తు రాలేదు. ఊపిరి కూడా గుర్తు రాలేదు.

ఉన్నట్టుండి అది మాట ఆపి, కుడి చెవి ఊరివైపు తిప్పింది. నా చెయ్యి పట్టి లాగింది.

"అమ్మా, శంఖం!"

నేను వినలేదక్కా. నిజంగా వినలేదు. "లే అమ్మా, ఊదేశారు, కుర్రాళ్ళు వచ్చేస్తారు! పెద్దదానివయ్యావు, మాట వినవేంటి నువ్వు?" అని నడుం మీద చేతులు పెట్టుకుని, అచ్చం నాలాగే అరిచింది. నేను లేవకుండా దాన్ని పట్టుకుని ముద్దులు పెడుతూ కూర్చున్నాను. కర్రలు పట్టుకుని వచ్చిన కుర్రాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. అయినా రూలు రూలేనట, డబ్బాల చేపల పెట్టె ఒకటి కట్టమన్నారు.

రోపాతి పెట్టె భుజాన వేసుకుని ఊరి పెద్దల దగ్గరికి వెళ్ళాడు. "ఈసారి ఎవరు దొరికారు, ఆ పిల్లేనా?" అన్నారట. "కాదయ్యా, పిల్ల విన్నది. వాళ్ళమ్మే వినలేదు" అన్నాడట నున్నటి మొహంతో, ఏదో బహుమతి అందుకుంటున్నవాడిలా.

ఇంటికొచ్చాక, మాట వినని వాళ్ళను పంపాల్సింది మీ అక్క దగ్గరికే కదా, నిన్నే పంపిస్తానని ఒకటే ఎగతాళి. ఫిలేము మాత్రం పంపొద్దంది. కప్పులు కడిగి పెట్టింది, నీకోసం మూడోది కూడా.

నీ లూపే